ఇంటి వెనక అడవి, ఇంట్లో మనం

వాషింగ్టన్ నగరానికి పశ్చిమాన, డలెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న చిన్న పట్టణం హెర్న్‌డన్. విస్తీర్ణం నాలుగు చదరపు మైళ్లకు కాస్త ఎక్కువ, జనాభా పాతిక వేలకు కాస్త తక్కువ. దాని చుట్టూ రెస్టన్, స్టెర్లింగ్, చాంటిలీ, ఆష్‌బర్న్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది తూర్పు ముఖమా అని, తర్వాత స్కూలు రేటింగ్ ఎంత అని. మూడో ప్రశ్న, వెనక చెట్లున్నాయా అని. వెనక మరో ఇంటి గోడ కాకుండా అడవి కనిపించే ప్లాటుకు బిల్డర్ లాట్ ప్రీమియం పేరుతో అదనంగా వసూలు చేస్తాడు. ఇస్తాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లను డెక్ మీదికి తీసుకెళ్లి ఆ పచ్చదనాన్ని చూపిస్తాం. ఆ తర్వాత ఎన్ని వారాంతాలు గడిచినా ఆ చెట్ల మధ్యకు మాత్రం వెళ్లం.

ఇది రుచులకూ అభిరుచులకూ సంబంధించిన విషయమైతే సంపాదకీయ పేజీలో చర్చించనక్కర్లేదు. కానీ మన శరీరాల సంగతి వేరు. దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు మధుమేహం, గుండెజబ్బు మిగతావాళ్ల కంటే తక్కువ బరువులోనే, తక్కువ వయసులోనే వస్తున్నాయి. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా సంతతివారి కోసం షుగర్ పరీక్షల నిబంధన మార్చింది. ఇతరులకు బీఎంఐ 25 దాటితే పరీక్ష చేయించమంటే, మనకు 23 దాటితే చాలు, చేయించమంది. చూడ్డానికి సన్నగా కనిపించే మనిషి కూడా ఆ గీత దాటి ఉండవచ్చు. పొద్దున ఎనిమిదింటికి లాప్‌టాప్ తెరిచి, రాత్రి ఇండియా టీమ్‌తో కాల్ ముగిసేదాకా కుర్చీలోనే ఉండే ఉద్యోగాలు మనవి. లేఆఫ్‌ల భయం, వీసా గడువు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు ఒంట్లో ఎక్కడో ఒకచోట పేరుకుంటాయి. బీపీ మాత్ర వేసుకుంటాం, జిమ్ మెంబర్‌షిప్ కడతాం. కిటికీ అవతల ఉన్నది మందుల జాబితాలోకి రాదు.

చెట్లకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తలు నలభై ఏళ్లుగా పనిచేస్తున్నారు. 1984లో రోజర్ అల్రిచ్ ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల పాత రికార్డులు తీసి, 23 జతలుగా పోల్చారు. ప్రతి జతలో ఒకరి గది కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, రెండోవారి కిటికీకి ఎదురుగా ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. అంతకు రెండేళ్ల ముందే, 1982లో, జపాన్ అటవీ శాఖ జనాన్ని అడవుల్లోకి రమ్మని పిలిచి ఆ నడకకు అటవీ స్నానమని పేరు పెట్టింది. తర్వాత అక్కడి పరిశోధకులు 24 అడవుల్లో యువకులను నడిపించి, అదే మనుషులను నగర వీధుల్లోనూ నడిపించి చూశారు. అడవిలో ఉన్నప్పుడు ఒత్తిడి హార్మోను కార్టిసోల్, నాడి వేగం, రక్తపోటు తగ్గాయి.

ఈ ఫలితాల మీద అవి మోయలేనంత బరువు వేసే యూట్యూబ్ వైద్యులు చాలామంది ఉన్నారు. మూడు రోజులు అడవిలో ఉంటే నెలరోజుల పాటు రోగనిరోధక శక్తి పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం టోక్యో వైద్యుడు చింగ్ లీ చేసిన అధ్యయనాలు. అవి నిజమైనవే. కానీ వాటిలో పాల్గొన్నవాళ్లు ఒక్కోసారి పన్నెండు మంది. అంత చిన్న గుంపును చూసి క్యాన్సర్ రాదని చెప్పేవాళ్లను నమ్మకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చెట్లున్న పేటల్లో డబ్బున్నవాళ్లు ఉంటారు, డబ్బున్నవాళ్ల ఆరోగ్యం ఎలాగూ మెరుగ్గా ఉంటుంది. ఆ గుణం చెట్టుదా, జేబుదా అన్నది తేల్చడం కష్టం.

దాన్ని తేల్చడానికి దగ్గరగా వచ్చిన పరిశోధనకు హెర్న్‌డన్‌తో ముడి ఉంది. ఆసియా నుంచి వచ్చిన పచ్చటి మెరుపు పురుగు ఒకటి, ఎమరాల్డ్ యాష్ బోరర్, 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. దాని పిల్ల పురుగు యాష్ చెట్టు బెరడు కింద తొలుచుకుంటూ పోయి, వేరు నుంచి పైకి నీరెక్కే దారిని తెంచేస్తుంది. కొద్ది ఏళ్లలో చెట్టు నిలువునా ఎండిపోతుంది. అలా కోట్లాది చెట్లు పోయాయి. 2008 వేసవిలో అది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో కనిపించిన చోట్లలో హెర్న్‌డన్ ఒకటి. అమెరికా అటవీ శాఖకు చెందిన జెఫ్రీ డోనొవన్ బృందం దీన్ని మరోవైపు నుంచి చూసింది. పురుగు వచ్చిన కౌంటీల్లో మనుషులకేమైంది? 1990 నుంచి 2007 దాకా 15 రాష్ట్రాల మరణాల లెక్కలు తీశారు. పురుగు సోకిన కౌంటీల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో అదనంగా 15,080 మంది, ఊపిరితిత్తుల జబ్బులతో 6,113 మంది చనిపోయారని 2013లో ప్రకటించారు.

ఈ లెక్క ఎందుకు గట్టిదో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. పురుగు మనిషి జీతం చూసి చెట్టెక్కదు. పేట ధనికదైనా పేదదైనా యాష్ చెట్టు ఉంటే చాలు. మనుషులు అలాగే ఉన్నారు, వాళ్ల ఇళ్లూ ఉద్యోగాలూ అలాగే ఉన్నాయి, మధ్యలోంచి చెట్లు మాత్రం పోయాయి. పైగా ఆదాయం ఎక్కువున్న కౌంటీల్లోనే ఈ దెబ్బ ఎక్కువగా కనిపించింది. ఎక్కువ చెట్లుండేది వాళ్ల దగ్గరే గనుక పోగొట్టుకున్నదీ వాళ్లే అయి ఉండాలి. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు దేశంలోకెల్లా సంపన్న కౌంటీల వరసలో ఉంటాయి. మనం లాట్ ప్రీమియం కట్టి కొనుక్కున్నది అందం అనుకున్నాం. ఆ చెట్లు ఇన్నాళ్లూ మన గుండెకు చేస్తున్న పని ఒకటుందని అమ్మినవాడికీ తెలియదు, కొన్న మనకూ తెలియదు.

చెట్లు పోతే నష్టం సరే, కొత్తగా నాటితే లాభం ఉందా? కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో అదే చేసి చూశారు. అరుణి భట్నాగర్ నాయకత్వంలో పరిశోధకులు దక్షిణ లూయీవిల్ పేటల్లో ఎనిమిది వేలకు పైగా పెద్ద చెట్లూ పొదలూ నాటించారు. అంతకుముందూ ఆ తర్వాతా అక్కడివాళ్ల రక్తం పరీక్షించారు. ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ, గుండెజబ్బు ముప్పును ముందుగా పట్టిచ్చే సూచిక, నాటిన పేటల్లో 13 నుంచి 20 శాతం తక్కువగా కనిపించిందని 2024లో చెప్పారు. ఫిలడెల్ఫియాలో ఇంకా కట్టుదిట్టంగా జరిగింది. చెత్తతో నిండిన 541 ఖాళీ స్థలాలను లాటరీ తీసినట్టు మూడు భాగాలు చేసి, ఒక భాగంలో చెత్త తీసి గడ్డి వేసి చెట్లు నాటారు, రెండో భాగంలో చెత్త మాత్రమే తీశారు, మూడో భాగాన్ని అలాగే వదిలేశారు. పచ్చబడ్డ స్థలాల దగ్గర ఉన్నవాళ్లలో దిగులుగా ఉందని చెప్పేవాళ్లు నలభై శాతం మేర తగ్గారు. చెత్త తీసి ఊరుకున్న చోట అలాంటి మార్పు రాలేదు.

మరి ఎంతసేపు? ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది సమాధానాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం ఒక అంకె చెప్పింది: వారానికి 120 నిమిషాలు. ఆపాటి సమయం ప్రకృతిలో గడిపినవాళ్లు, అసలు గడపనివాళ్లతో పోలిస్తే, ఆరోగ్యంగానూ తృప్తిగానూ ఉన్నామని చెప్పడం ఎక్కువ. ఒకేసారి గడిపినా, నాలుగైదు సార్లుగా గడిపినా ఫలితం ఒకటే. ఇది కూడా సర్వేయే, కార్యకారణ సంబంధాన్ని నిరూపించలేదు. కానీ అందులో ఒక నియమం మనకు గుచ్చుకోవాలి. సొంత పెరట్లో గడిపిన సమయాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. డెక్ మీద కూర్చుని కాఫీ తాగిన అరగంట ఆ 120లో చేరదు. గడప దాటి వెళ్లాలి.

పిల్లల విషయంలో ఇది ఇంకా తొందర పడాల్సిన సంగతి. బడి అయ్యాక కుమాన్, ఆ తర్వాత కోడింగ్, శనివారం సంగీతమో కూచిపూడో, ఆరేడు తరగతుల నుంచే టీజేగా పిలిచే థామస్ జెఫర్సన్ హైస్కూల్ ప్రవేశానికి కోచింగ్. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు కారు వెనక సీటులో ప్రయాణం. ఏ తెలుగు పుట్టినరోజు వేడుకకు వెళ్లినా సగంమంది పిల్లల ముక్కుల మీద కళ్లద్దాలు. చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఆరు బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఆడించారు. మూడేళ్లకు చూస్తే, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, ఆడించిన బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. ఇక్కడ మేలు చేసేది చెట్టు కాదు, ఆరుబయటి వెలుతురు. అయితే చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా మన ఇళ్లలో లైట్లన్నీ వేసినా వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏకాగ్రత కుదరని పిల్లలు పార్కులో ఇరవై నిమిషాలు నడిచి వచ్చాక పరీక్షల్లో మెరుగ్గా చేశారని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో చెప్పారు. పదిహేడు మంది పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనం అది. అయినా ఒక క్లాసు తగ్గించి చూడటానికి తల్లిదండ్రులకు ఆపాటి ఆధారం చాలు. పోయేదేముంది?

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది మన ఊళ్ల నుంచి వచ్చే అమ్మానాన్నల గురించి. విజిటర్ వీసా మీద ఆరు నెలలు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు బడికి. కారు నడపడం రాదు, వచ్చినా లైసెన్సు లేదు. నడిచి వెళ్లే దూరంలో కొట్టు లేదు, గుడి లేదు, పలకరించే మనిషి లేడు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పొద్దున్నే వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లి పేపరు చదివి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి ఇక్కడ బేస్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చుంటాడు. మోకాళ్లు బిగుసుకుంటాయి, షుగర్ పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు. నోరు విప్పి చెప్పరు, ఇన్సూరెన్సు ఖర్చు పిల్లల నెత్తిన పడుతుందని. ఒంటరితనం ఆరోగ్యానికి పెద్ద ముప్పని అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023లో దేశానికంతటికీ హెచ్చరిక విడుదల చేశారు. ఆయన ఎవరిని ఉద్దేశించి రాసినా మన బేస్‌మెంట్లకు అది సరిగ్గా సరిపోతుంది.

ఈ పెద్దవాళ్లకు ఎవరి సాయమూ లేకుండా వెళ్లగలిగే చోటు హెర్న్‌డన్‌లో ఒకటుంది. ఊరి నడిమధ్యలోంచి పోయే వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రయిల్. ఎండాకాలం పొద్దున ఏడు గంటలకు అటు వెళ్తే చీర మీద స్వెట్టరూ కాళ్లకు స్పోర్ట్స్ షూసూ వేసుకున్న అత్తయ్యలు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే మామయ్యలు కనిపిస్తారు. ఏ ఊరండీ మీది అన్న ప్రశ్నతో మొదలై, మా మేనల్లుడూ మీ ఊరివాడే అన్నదాకా పోయే పరిచయాలు అక్కడి బెంచీల మీద పుడతాయి. చెట్టు వల్ల తగ్గిందెంత, నడక వల్ల తగ్గిందెంత, మాట వల్ల తగ్గిందెంత అని ఇక్కడ విడదీసి కొలవనక్కర్లేదు. మూడూ ఒకేచోట దొరికాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే ట్రయిల్ దాకా దారి చూపించి, తిరిగి వచ్చే గుర్తులు చెప్పి, జేబులో ఇంటి చిరునామా పెట్టి పంపడం షుగర్ మిషన్ కొనిపెట్టినంత ముఖ్యం.

ఆ ట్రయిల్ దానంతట అది రాలేదు. అది ఒకప్పటి రైలు మార్గం. హెర్న్‌డన్ ఊరే ఆ రైలు చుట్టూ పెరిగింది, పాల క్యాన్లు ఇక్కడి నుంచే వాషింగ్టన్‌కు వెళ్లేవి. 1968లో రైళ్లు ఆగిపోయాయి. ఆ పట్టాల స్థలాన్ని ప్రాంతీయ పార్కుల సంస్థ పట్టుబట్టి సేకరించి, 1974లో ఫాల్స్‌చర్చ్‌లో మొదటి ముక్క తెరిచి, 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు పూర్తి చేసింది. షుగర్‌ల్యాండ్ రన్ వాగు ఒడ్డున 58 ఎకరాల రన్నీమీడ్ పార్కును హెర్న్‌డన్ పట్టణం ఇళ్లకు ఇవ్వకుండా అడవిగానే ఉంచింది. ఎవరో పన్నులు కట్టారు, ఎవరో కౌన్సిల్ సమావేశాల్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నారు. వాళ్లలో మనం లేం, అప్పటికి మనం ఇక్కడికి రాలేదు. ఇప్పుడు ఉన్నాం.

ఇప్పుడు కూర్చోవలసిన అవసరం కూడా ఉంది. వర్జీనియాలో స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇచ్చిన అధికారాలే తప్ప సొంతంగా చట్టాలు చేసే స్వేచ్ఛ తక్కువ. 2008లో రాష్ట్రం ఉత్తర వర్జీనియాకు ప్రత్యేకంగా ఒక వెసులుబాటు ఇచ్చింది. కొత్తగా కట్టేచోట ఇరవై ఏళ్లలో ఇంత శాతం నేల చెట్ల నీడ కింద ఉండాలని నిబంధన పెట్టవచ్చు. ఎకరాకు రెండు ఇళ్లు లేదా అంతకంటే తక్కువ ఉండే పేటల్లో 30 శాతం. ఎకరాకు ఇరవై లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లుండే అపార్టుమెంట్లకూ, వాణిజ్య స్థలాలకూ 10 శాతమే. స్థలం లేని చోట తక్కువ అడగడంలో పరిపాలనా సౌకర్యం ఉంది, నిజమే. ఫలితం మాత్రం ఇది: పెద్ద ఇల్లున్నవాడికి మూడు వంతుల నీడ, అద్దె అపార్టుమెంటులో ఉండేవాడికి ఒక వంతు. హెర్న్‌డన్‌లో ఆ అపార్టుమెంట్లలో ఉండేది ఎక్కువగా మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు, కొత్తగా దిగిన మన పిల్లలు. లూయీవిల్ లెక్కలు చూశాక దీన్ని అలంకరణ విషయంగా కొట్టేయలేం. ట్రయిల్, రన్నీమీడ్ లాంటి ఉమ్మడి అడవి ఎక్కువ అవసరమైంది వెనక చెట్లు లేనివాళ్లకే.

2025 మార్చి చివరిలో కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు, 400 ఎకరాల కోసం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు, ఉత్తర వర్జీనియా వాట్సాప్ గ్రూపులు అట్టుడికాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఇక్కడున్న చాలామంది ఒకప్పుడు ఆ గచ్చిబౌలి ఆఫీసుల్లోంచి వచ్చినవాళ్లే, ఆ బాధ సహజం. కానీ పక్కనే లౌడన్ కౌంటీలో డేటా సెంటర్ల కోసం, వాటికి కరెంటు తెచ్చే పెద్ద లైన్ల కోసం చెట్లు పోతున్నప్పుడు జరిగే బహిరంగ విచారణల్లో తెలుగు గొంతు ఎంత వినిపిస్తోంది? ఆ డేటా సెంటర్లతో ముడిపడిన పరిశ్రమే మనకు అన్నం పెడుతోందన్నది నిజం. అన్నం పెట్టేదాన్ని మూసేయమని ఎవరూ అనక్కర్లేదు. ఏ చెట్లు మిగలాలి, లైను ఏ దారిన పోవాలి అని అడగడానికి పౌరసత్వం కూడా అక్కర్లేదు, అక్కడ నివసిస్తే చాలు. కొన్ని నిమిషాలు మాట్లాడనిస్తారు.

అడవిలోకి వెళ్లమని చెప్పేవాళ్లు అక్కడి ప్రమాదాలు కూడా చెప్పాలి, ముఖ్యంగా మన పెద్దవాళ్లకు. ఉత్తర వర్జీనియాలో లైమ్ జబ్బు బాగా ఉంది. దాన్ని మోసేది నల్లకాళ్ల టిక్ అనే పిడుదు. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినట్టు కూడా తెలియదు. మామూలుగా ఒక రోజుకు పైగా అంటుకుని ఉంటేనే జబ్బు ఎక్కుతుంది, కాబట్టి ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ల వెనక, జుట్టు కుదుళ్లు చూసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగెయ్యాలి, అగ్గిపుల్లతో కాల్చడాలూ కిరోసిన్ పూయడాలూ వద్దు. గుండ్రంగా పెరిగే ఎర్రమచ్చ వచ్చినా, జ్వరం తగిలినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లోన్ స్టార్ అనే మరో రకం పిడుదు కుడితే కొందరికి మటన్ తింటే దద్దుర్లు వచ్చే అలర్జీ మొదలవుతుంది. మూడేసి ఆకుల గుత్తులతో పాకే పాయిజన్ ఐవీని తాకకూడదు. ఏప్రిల్‌లో కార్ల మీద పసుప్పచ్చగా పరుచుకునే పుప్పొడి ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు, ఆ రెండు మూడు వారాలు వాన పడ్డాక వెళ్లడం మేలు. బాట మధ్యలో నడిస్తే, పొడుగు ప్యాంటు వేసుకుంటే ఈ బెడదలు చాలావరకు తగ్గుతాయి.

పక్కనే వాషింగ్టన్‌లో రాబర్ట్ జార్ అనే పిల్లల వైద్యుడు పార్కుకు వెళ్లమని చీటీ రాయడం మొదలుపెట్టి, 2017లో పార్క్ ఆర్‌ఎక్స్ అమెరికా అనే సంస్థను స్థాపించారు. ఏ పార్కు, ఏ రోజు, ఎంతసేపు, ఎవరితో అన్నీ మందు మోతాదులా రాస్తారు. మన డాక్టర్లు ఈ ప్రాంతంలో వందల్లో ఉన్నారు. తెలుగు సంఘాల ఆరోగ్య శిబిరాల్లో ఉచితంగా బీపీ, షుగర్ చూస్తున్నది వాళ్లే. ఆ చీటీ చివర ఇంటికి దగ్గరి ట్రయిల్ పేరు రాయడానికి ఖర్చేమీ లేదు.

సంఘాలకు అంతకంటే సులువైన దారి ముందే ఉంది. కార్తీక మాసంలో వనభోజనాలు మనకు కొత్త కాదు. చాలా ఏళ్లలో అక్టోబరు చివరనో నవంబరు మొదట్లోనో మొదలయ్యే ఆ మాసం వర్జీనియాలో మేపుల్, హికరీ, ఓక్ ఆకులు రంగు మారే కాలం. కానీ ఇక్కడి వనభోజనాల్లో వనం పార్కింగ్ లాట్‌కు అవతలే ఉండిపోతోంది. పెవిలియన్ కింద స్టీలు గిన్నెల్లో పులిహోర, మైకులో పాటల పోటీ, తంబోలా, సాయంత్రానికి ట్రేలు సర్దుకుని ఇంటికి. భోజనానికి ముందు గంటన్నర నడక పెట్టండి. మైకు కారులోనే ఉంచండి. ఇరవై మందికో బృందం చేసి, నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లకు వేరే చిన్న బాట చూపించి, పిల్లలకు పది చెట్ల పేర్లు నేర్పే పని ఒక పెద్దమనిషికి అప్పగించండి. వాగు వంతెన దగ్గర బెంచీలు ఎక్కడున్నాయో ముందు రోజే చూసుకోండి. కుండీలో పెంచుకున్న ఉసిరి మొక్క ఎవరి దగ్గరైనా ఉంటే తేవచ్చు, లేదంటే ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో దొరికే ఉసిరికాయలను ఆకులో పెట్టి ఓక్ చెట్టు మొదట్లో దీపం చూపించవచ్చు, మంట పెట్టడానికి పార్కు అనుమతి ఉంటేనే. తర్వాత అక్కడే విస్తళ్లు వేయండి. ఆ ఒక్క రోజు బాట తెలిసిన వంద కుటుంబాల్లో పదింటివాళ్లు వచ్చే శనివారం మళ్లీ వెళ్లినా, ఆరు నెలల కోసం వచ్చిన నాన్నగారు సోమవారం పొద్దున ఒక్కరే ఆ దారి పట్టినా, సంఘం ఆ ఏడాది పెట్టిన ఏ ఆరోగ్య శిబిరానికీ అది తీసిపోదు.